మేరీ కోమ్, నిఖత్ జరీన్: పతకాల లెక్కకు అందని పోలిక

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయింది. ఆనాటి నుంచి మన దగ్గర ఒక వాదన నడుస్తూనే ఉంది. మేరీ కోమ్ గొప్పా, నిఖత్ గొప్పా? జవాబు చెప్పేవాళ్లు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షం వేళ్ల మీద పతకాలు లెక్కపెట్టి, ఆరు ఎక్కువా రెండు ఎక్కువా అని అడిగి అక్కడితో ముగిస్తుంది. ఇంకో పక్షం మన తెలంగాణ బిడ్డ అన్న అభిమానంతో మాట్లాడుతుంది. మొదటి పక్షం లెక్క తప్పు కాదు, రెండో పక్షం అభిమానమూ తప్పు కాదు. కానీ ఒక క్రీడాకారిణి జీవితకాలపు కృషిని తూచాలంటే ఈ రెండూ చాలవు. ఆమె రింగులోకి రాకముందు ఆ క్రీడ ఎలా ఉంది, ఆమె వచ్చాక ఎలా మారింది, ఆమె తర్వాత గ్లవ్స్ తొడిగే అమ్మాయికి ఏం మిగిలింది అని చూడాలి. అలా చూస్తే ఈ ఇద్దరూ మనకు ఇచ్చినవి వేరువేరు సంగతులు. మన దేశంలో ఆడపిల్లల బాక్సింగ్ అనేది ఒకటి ఉంటుందని మేరీ నిరూపించింది. ఆ క్రీడలో దేశం తరఫున ఎవరు ఆడాలో రింగులోనే తేలాలని నిఖత్ పట్టుబట్టింది. నిఖత్ చేసిన ఈ రెండో పనికి మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదన్నదే ఈ ప్రసంగంలో నేను వాదించదలచుకున్నది.

ముందు పతకాల సంగతి నిజాయితీగా ఒప్పుకుందాం. మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు మొదటిసారి 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో జరిగాయి. ఆ మొదటి పోటీల్లోనే మేరీ రజతం గెలిచింది. తర్వాత 2002లో అంటాల్యా, 2005లో పొడోల్స్క్, 2006లో న్యూఢిల్లీ, 2008లో నింగ్బో, 2010లో బ్రిడ్జిటౌన్, ఇలా వరసగా ఐదు స్వర్ణాలు తెచ్చింది. అంతటితో ఆమె కథ అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఎనిమిదేళ్ల తర్వాత, 35 ఏళ్లు దాటిన వయసులో, 2018లో న్యూఢిల్లీలో ఆరో స్వర్ణం గెలిచింది. 2019లో ఉలాన్ ఉదేలో కాంస్యంతో ప్రపంచ పోటీల్లో ఆమె పతకాలు ఎనిమిదయ్యాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం వీటికి అదనం. నిఖత్ ఖాతాలో 2022, 2023 ప్రపంచ స్వర్ణాలు, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల కాంస్యం ఉన్నాయి. ఒలింపిక్ పతకం లేదు. ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెడితే ఎవరిది పెద్దదో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. మేరీ గెలిచిన రోజుల్లో పోటీ పలచగా ఉండేది కదా, అప్పుడు ఆడవాళ్ల బాక్సింగ్‌ను పట్టించుకున్న దేశాలే తక్కువ కదా అంటారు. అందులో కొంత నిజముంది. 2006 ఢిల్లీ పోటీలే అందుకు సాక్ష్యం. ఆ ఒక్క ఏడాదే భారత్‌కు నాలుగు స్వర్ణాలు వచ్చాయి. మేరీతో పాటు సరితా దేవి, జెన్నీ, లేఖ కూడా ప్రపంచ చాంపియన్లయ్యారు. సొంతగడ్డ మీద ఒకే దేశం నలుగురు విజేతలను చూసిందంటే, ఆ పోటీ నేటి పోటీ అంత గట్టిది కాదనే అనుకోవాలి. అయితే అదే సాక్ష్యాన్ని రెండో వైపు నుంచి కూడా చదవాలి. ఆ నలుగురిలో మళ్లీ మళ్లీ ప్రపంచ వేదిక ఎక్కి స్వర్ణంతో దిగింది ఒక్కతే. కవలలకు తల్లయిన మరుసటి ఏడాది, 2008లో, నింగ్బోలో గెలిచింది. కంప్యూటర్ బటన్లు నొక్కి పంచ్‌లను లెక్కపెట్టే పాత పద్ధతిలో గెలిచింది. ఆ పద్ధతి పోయి, ప్రతి రౌండ్‌కు పది పాయింట్ల చొప్పున జడ్జిలు తీర్పిచ్చే పద్ధతి వచ్చాక 2018లోనూ గెలిచింది. మొదటి పతకానికీ చివరి పతకానికీ మధ్య 18 ఏళ్లు. ఈ కాలంలో నిబంధనలు మారాయి, రౌండ్ల నిడివి మారింది, ప్రత్యర్థుల తరాలు మారాయి. పోటీ పలచగా ఉంది కాబట్టి గెలిచిందన్న మాట మొదటి రెండు మూడు స్వర్ణాలకు కొంత వర్తించవచ్చు. ఆరో స్వర్ణానికి బొత్తిగా వర్తించదు.

లండన్ కాంస్యం దగ్గర కొంచెం ఆగాలి. పతకాల పట్టికలో అది కాంస్యమే అయినా, ఆమె జీవితంలో అన్నిటికన్నా కష్టపడి తెచ్చుకున్న పతకం అదేనని నా అభిప్రాయం. మహిళల బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లోకి మొదటిసారి 2012లో తీసుకున్నారు. తీసుకున్నది మూడే బరువు విభాగాలు: 51, 60, 75 కిలోలు. మేరీ ప్రపంచ స్వర్ణాలన్నీ 45, 46, 48 కిలోల్లో గెలిచినవి. అంటే ఒలింపిక్స్ ఆడాలంటే తన ఒంటికి సరిపడే విభాగం వదిలేసి, తనకన్నా పొడవైన, బరువైన వాళ్ల మధ్యకు వెళ్లక తప్పదు. బాక్సింగ్‌లో మూడు కిలోలంటే చిన్న తేడా కాదు. చేతి పొడవు మారుతుంది, తగిలే దెబ్బ బరువు మారుతుంది. ఎడమచేతి వాటంతో చటుక్కున లోపలికి దూరి, రెండు మూడు పంచ్‌లు వేసి, అంతే వేగంగా బయటపడటం మేరీ పద్ధతి. ఎదుటి మనిషి చేతులు పొడుగైతే ఆ లోపలికి దూరడమే ప్రమాదం. అయినా పోలండ్‌కు చెందిన మిఖాల్చుక్‌ను, ట్యునీషియాకు చెందిన రహాలీని ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ బ్రిటన్‌కు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో 11-6 తేడాతో ఓడింది. ఆడమ్స్ తర్వాత స్వర్ణం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి బాక్సింగ్‌కు అర్హత సాధించిన మహిళ మేరీ ఒక్కతే.

మేరీ పనికి అసలు కొలత ఇక్కడే ఉంది. చూరాచాంద్‌పూర్ జిల్లాలోని కంగథేయి అనే ఊళ్లో, పొలం పనులు చేసుకునే కుటుంబంలో పుట్టిన పిల్ల ఆమె. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మణిపూర్ కుర్రాడు డింకో సింగ్ స్వర్ణం గెలవడం ఆమెను బాక్సింగ్ వైపు లాగింది. 2000లో రాష్ట్రస్థాయి పోటీల్లో గెలిస్తే, పేపర్లో ఫొటో చూసే వరకు తన కూతురు బాక్సింగ్ చేస్తోందని తండ్రికి తెలియదు. ముఖం మీద దెబ్బలు తగిలితే రేపు పెళ్లెలా అవుతుందని ఆయన బాధపడ్డాడు. ఆనాడు ఆ తండ్రికి ధైర్యం చెప్పడానికి చూపించదగ్గ ఒక్క ఆడ బాక్సర్ పేరు కూడా దేశంలో లేదు. నేడు హర్యానాలోనో అస్సాంలోనో నిజామాబాద్‌లోనో ఒక అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటానంటే, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మేరీ కోమ్‌లాగా అన్న మాట మాత్రం వాళ్ల నోటికి వస్తుంది. పద్మవిభూషణ్, రాజ్యసభ సభ్యత్వం, సినిమా, ఇవన్నీ ఆమె గౌరవానికి గుర్తులు. అమ్మాయి అడగడానికీ తండ్రి వినడానికీ ఒక ఆధారం దొరకడం ఆమె కృషికి ఫలితం. ఈ పని ఒకసారే జరుగుతుంది, ఒకరే చేయగలరు. ఎంత గొప్ప బాక్సర్ వచ్చినా దాన్ని రెండోసారి చేయలేదు. కాబట్టి నిఖత్‌ను మేరీతో పోల్చేటప్పుడు, ఈ విషయంలో మేరీకి సాటి ఎవరూ లేరని ముందే ఒప్పుకుని మాట్లాడాలి.

మరి నిఖత్ దారి ఎలాంటిది? మేరీ వేసిన దారిలో హాయిగా నడిచి వచ్చిందా? అలా అనుకునేవాళ్లు తేదీలు చూడటం లేదు. నిజామాబాద్‌లో మొదట పరుగు పందేలు ఆడిన పిల్ల, మైదానంలో బాక్సింగ్ దగ్గర మాత్రం అమ్మాయిలు లేకపోవడం గమనించి, ఎందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగింది. కోచ్ శంషాముద్దీన్ దగ్గర మగపిల్లలతో కలిసి నేర్చుకుంది. ఆ తర్వాత విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. ఆడపిల్ల నిక్కర్లు వేసుకుని ఆడటమేమిటని ఇరుగుపొరుగు అన్న మాటలను ఆ కుటుంబం దాటుకుని వచ్చింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో, 15 ఏళ్లు నిండకముందే, జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. సీనియర్ ప్రపంచ చాంపియన్ అయింది 2022లో. మధ్యలో 11 ఏళ్లు. ఆ ఆలస్యానికి ఆమె ప్రతిభ లోపం కారణం కాదు. 2012 డిసెంబరులో భారత అమెచ్యూర్ బాక్సింగ్ సమాఖ్యను అంతర్జాతీయ సంఘం సస్పెండ్ చేసింది. తర్వాత వచ్చిన బాక్సింగ్ ఇండియా అనే సంస్థ ఏడాది తిరగకుండానే కూలిపోయింది. ఇప్పుడున్న బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది 2016లో. దాదాపు నాలుగేళ్లు మన బాక్సింగ్‌కు నిలకడైన యాజమాన్యమే లేదు. నిఖత్ 16 నుంచి 20 ఏళ్ల వయసులో ఉన్న రోజులవి. ఒక బాక్సర్ జూనియర్ నుంచి సీనియర్‌గా ఎదగాల్సిన వయసు సరిగ్గా అదే. అది దాటిందనుకుంటే 2017లో భుజం కీలు తప్పి ఏడాది పాటు రింగుకు దూరమైంది. కోలుకుని వచ్చేసరికి, 51 కిలోల్లో ఎదురుగా మేరీ కోమ్ ఉంది.

ఇస్తాంబుల్ గెలుపును కొంచెం దగ్గరగా చూస్తే ఈ తరం పోటీ ఎలాంటిదో తెలుస్తుంది. ఆ పోటీలకు 70కి పైగా దేశాల నుంచి బాక్సర్లు వచ్చారు. 52 కిలోల ఫైనల్లో నిఖత్ ప్రత్యర్థి థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్. తీర్పు 5-0. వినడానికి ఏకపక్షంగా ఉంటుంది కానీ, ఐదుగురు జడ్జిల కాగితాలు చూస్తే అసలు కథ కనిపిస్తుంది. ఇద్దరు జడ్జిలు 30-27 అని, ముగ్గురు 29-28 అని ఇచ్చారు. రౌండ్ గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు సాధారణంగా 9. అంటే ఇద్దరు జడ్జిల లెక్కలో నిఖత్ మూడు రౌండ్లూ గెలిచింది. మిగతా ముగ్గురి లెక్కలో ఒక రౌండ్ ఓడి రెండు గెలిచింది. ఆ ముగ్గురి దృష్టిలో ఇంకొక్క రౌండ్ చేజారి ఉంటే స్వర్ణం థాయ్‌లాండ్‌కు పోయేది. నేటి ఫైనల్ అంటే ఇంత సన్నని తేడా. దూరం నుంచి కుడిచేతి పంచ్‌లను సూటిగా దించుతూ, అవతలి మనిషి మీదికి రాగానే పక్కకు జరిగి ఎదురుదెబ్బ కొట్టడం నిఖత్ బలం. ఆ బలాన్ని మూడు రౌండ్ల పాటు అలసిపోకుండా నిలబెట్టుకున్నందుకే ఆ ఫలితం వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు బల్గేరియాలోని స్ట్రాంజా పోటీల్లో, టోక్యో ఒలింపిక్ రజత విజేత బుసే నాజ్ చకిరోగ్లును కూడా ఓడించింది. కాబట్టి ఇస్తాంబుల్ గెలుపు అదృష్టం కాదు.

నిఖత్ విషయంలోనూ అభ్యంతరాలున్నాయి, వాటినీ దాచకూడదు. 2023 ఢిల్లీ ప్రపంచ పోటీలను అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ వంటి దేశాలు బహిష్కరించాయి. రష్యా క్రీడాకారిణులను సొంత జెండాతో ఆడనివ్వడం మీద వచ్చిన గొడవ అది. అందువల్ల రెండో స్వర్ణం విలువ తగ్గిందంటారు. కొన్ని విభాగాలకు ఆ మాట వర్తిస్తుందేమో కానీ, నిఖత్ ఆడిన 50 కిలోల్లో ఆసియా దేశాలే గట్టివి. ఫైనల్లో ఆమె ఓడించిన వియత్నాం బాక్సర్ న్యూయెన్ థీ టామ్ తేలికైన ప్రత్యర్థి కాదు. రెండో అభ్యంతరం పారిస్. 2024లో నిఖత్ పతకం ఖాయమన్నారు, రెండో బౌట్‌లోనే ఓడిపోయింది. నిజమే. కానీ ఎవరి చేతిలో? సీడింగ్ లేకుండా బరిలోకి దిగడం వల్ల ప్రీక్వార్టర్స్‌లోనే చైనాకు చెందిన వు యు ఎదురైంది. వు యు 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్, ఆ ఒలింపిక్స్‌లో చివరికి స్వర్ణం గెలిచింది కూడా ఆమే. 52 కిలోల్లో ప్రపంచ విజేత అయిన నిఖత్, ఒలింపిక్ విభాగం కోసం 50 కిలోలకు దిగాల్సి వచ్చింది. లండన్‌లో మేరీ బరువు పెంచుకుంది, పారిస్‌లో నిఖత్ తగ్గించుకుంది. ఒలింపిక్ విభాగాలు ఇద్దరినీ తమకు సరిపడని చోటికే నెట్టాయి. అయినా మేరీ పతకంతో తిరిగి వచ్చింది, నిఖత్ రాలేదు. ఈ తేడాను ఏ వివరణా చెరిపేయలేదు, చెరపాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2019 అక్టోబరులో ఉలాన్ ఉదే నుంచి మేరీ కాంస్యంతో వచ్చింది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల్లో ఎవరిని పంపాలన్నది ప్రశ్న. ప్రపంచ పోటీల్లో ఫైనల్ చేరినవాళ్లను నేరుగా పంపుతామని, మిగతా విభాగాల్లో ట్రయల్స్ పెడతామని ఫెడరేషన్ అంతకుముందే చెప్పి ఉంది. కాంస్యం ఆ నియమం కిందికి రాదు. అయినా మేరీని నేరుగా పంపే ఆలోచన ఉందని ఫెడరేషన్ అధ్యక్షుడు బయటికే చెప్పాడు. అప్పటికి 23 ఏళ్ల నిఖత్ కేంద్ర క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది. తనను పంపమని ఆ లేఖలో అడగలేదు. న్యాయంగా ఒక అవకాశం, అంటే ఒక ట్రయల్ బౌట్ పెట్టమని అడిగింది. ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీ ఆడే అమెరికా జట్టులోకి వచ్చాడని గుర్తుచేసింది. ఆమె వాదన అంతా ఆ ఒక్క ఉదాహరణలో ఇమిడి ఉంది. పాత గెలుపులు ఎంత గొప్పవైనా గౌరవం ఇస్తాయి కానీ, కొత్త పోటీలో చోటు ఇవ్వవు.

చివరికి ఫెడరేషన్ ట్రయల్స్ పెట్టింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో ఆ బౌట్ జరిగింది. 36 ఏళ్లు దాటిన ఆరుసార్ల ప్రపంచ చాంపియన్ ఒకవైపు, 23 ఏళ్ల అమ్మాయి ఇంకోవైపు. చూడచక్కని బౌట్ కాదది. పట్టుకోవడాలు, తోసుకోవడాలు ఎక్కువ, శుభ్రంగా తగిలిన పంచ్‌లు తక్కువ. ఆ కొద్దిపాటి శుభ్రమైన పంచ్‌లలో ఎక్కువ మేరీవే. తీర్పు 9-1, మేరీ గెలిచింది. బౌట్ అయ్యాక నిఖత్ దగ్గరికి వెళ్తే మేరీ చేయి కలపలేదు. పత్రికలన్నీ ఆ కలవని చేతుల గురించే రాశాయి. తనను గౌరవించనివాళ్లను తానెందుకు గౌరవించాలని మేరీ అన్నది. నిఖత్ బాధపడింది. మర్యాదకు సంబంధించిన ఆ గొడవలో అసలు జరిగింది మరుగున పడిపోయింది. దేశంలో అందరికన్నా పెద్ద పేరున్న బాక్సర్, తన స్థానం కోసం రింగులో దిగి, గెలిచి, ఆ స్థానం తీసుకుంది. అలా జరగాలని అడిగింది ఓడిపోయిన అమ్మాయి.

నిఖత్ కోరిక స్వార్థం కాదా అని అడిగేవాళ్లున్నారు. తన అవకాశం కోసమే కదా రాసింది అంటారు. అవును, తన కోసమే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నియమం అమలు కావాలని అడిగే హక్కు, ఆ నియమం వల్ల లాభం పొందేవాళ్లకు కూడా ఉంటుంది. పైగా ఆ కోరిక కొత్తదేమీ కాదు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ముందు ట్రయల్స్‌లో పింకీ రాణి మేరీని ఓడించి, గ్లాస్గో వెళ్లి కాంస్యం తెచ్చింది. అప్పుడు ఆ ట్రయల్ లేకపోయి ఉంటే ఆ అవకాశం ఆమెకు దొరికేది కాదు. ఇంకొందరు, ఎలాగూ మేరీయే గెలిచింది కాబట్టి ట్రయల్ అనవసరం అని తేలింది కదా అంటారు. నాకు ఈ వాదన తలకిందులుగా కనిపిస్తుంది. ట్రయల్ జరిగింది కాబట్టే మేరీ ఎంపికను ఆ తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. టోక్యోలో ఆమె 38 ఏళ్ల వయసులో కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలో 3-2 తేడాతో ఓడినప్పుడు కూడా, నిఖత్‌ను పంపి ఉండాల్సింది అన్న మాటకు బలం లేకుండా పోయింది. ఎందుకంటే ఎవరు మెరుగో రింగులోనే తేలింది. అంటే ఆ ట్రయల్ వల్ల ఎక్కువ మేలు జరిగింది మేరీకే.

మేరీ వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. ఇరవై ఏళ్లు దేశానికి పతకాలు తెచ్చిన మనిషిని, నువ్వు ఇంకా తగినదానివేనా అని అడిగితే మనసు నొచ్చుకోదా? నొచ్చుకుంటుంది. ఆమె కోపాన్ని అహంకారమని కొట్టిపారేయడం అన్యాయం. ఎవరి అండా లేని రోజుల్లో తనంతట తానే పైకి వచ్చిన మనిషికి, వ్యవస్థ తన మీద అనుమానం పెడుతోందని అనిపించడం సహజం. కానీ ఆమెకు ఇవ్వాల్సిన గౌరవం పురస్కారాలతో, పింఛనుతో, అకాడమీకి సాయంతో, ఆమె సలహా వినడంతో ఇవ్వాలి. ఇంకొకరికి దక్కాల్సిన చోటుతో ఇస్తే, ఆ గౌరవానికి ఖరీదు కట్టేది ఆ ఇంకొకరు. నిఖత్ ఎత్తిచూపింది ఈ తేడానే.

ఇక నా వాదనకు ఎదురయ్యే అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. 2023 ఢిల్లీ ప్రపంచ పోటీలకు ఫెడరేషన్ ఒకే బౌట్ ట్రయల్స్ బదులు, శిబిరంలో కొన్ని వారాల పాటు బాక్సర్లను గమనించి మార్కులు వేసే మదింపు పద్ధతి తెచ్చింది. జాతీయ చాంపియన్లుగా ఉండి కూడా ఎంపిక కాని మంజు రాణి, శిక్షా నర్వాల్, పూనమ్ పూనియా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ పోటీల్లో భారత్‌కు నాలుగు స్వర్ణాలు వచ్చాయి: నీతూ, నిఖత్, లవ్లీనా, సవీటీ. అంటే మదింపు పద్ధతే ఫలితమిచ్చింది కదా, ఒక్క రోజు బౌట్‌లో మంచి బాక్సర్ జారిపోవచ్చు కదా అని అడగవచ్చు. ఆ పద్ధతిలో ఎంపికైనవాళ్లలో నిఖత్ కూడా ఉంది కాబట్టి, ఆమె నిలబెట్టిన నియమం ఆమె కాలంలోనే సడలిందని కూడా అనవచ్చు. ఈ అభ్యంతరంలో బలముంది. ఒక్క రోజు ట్రయల్ పరిపూర్ణమైన పద్ధతి అని నేనూ అనను. జ్వరం వచ్చిన రోజు ఆడి ఓడిన బాక్సర్‌కు రెండో అవకాశం ఉండాలి. కానీ మదింపులో మార్కులు వేసేది గది లోపల, ట్రయల్‌లో తీర్పు వచ్చేది అందరి ముందు. నాలుగు స్వర్ణాలు వచ్చాయి కాబట్టి, పంపని ముగ్గురూ గెలిచేవాళ్లు కాదని రుజువు కాలేదు. వాళ్లకు ఆ రుజువు చూపించే చోటు దొరకలేదు, అంతే. ఓడిపోయిన 2019 ట్రయల్ తర్వాత నిఖత్ ఏ కోర్టుకూ వెళ్లలేదన్నది గుర్తుంచుకోవాలి. ఓడినా ఒప్పుకోగలిగే పద్ధతి ఏదో, అదే మంచి పద్ధతి.

ఆ ఓటమి తర్వాత నిఖత్ ఏం చేసిందన్నది కూడా ఆమె వారసత్వంలో భాగమే. టోక్యో దారి మూసుకుపోయాక మరో రెండున్నరేళ్లు సాధన చేసి ప్రపంచ విజేతగా తిరిగి వచ్చింది. మరుసటి ఏడాది మళ్లీ ప్రపంచ స్వర్ణం గెలిచింది. మేరీ తర్వాత ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలు గెలిచిన భారత మహిళా బాక్సర్ ఆమే. పారిస్ దెబ్బతో ఆగిపోలేదు. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్స్‌లో ఓడినా, అదే ఏడాది నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణం గెలిచింది. ఆమె ఎదిగిన నిజామాబాద్ నుంచే, ఆమెకు మొదటి పాఠాలు చెప్పిన శంషాముద్దీన్ కుమారుడు హుసాముద్దీన్ 2023లో పురుషుల ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. ఒక జిల్లా కేంద్రం నుంచి ఒకే ఏడాది ఇద్దరు ప్రపంచ పతక విజేతలు రావడం మన క్రీడా చరిత్రలో చిన్న విషయం కాదు.

ఇప్పుడు తీర్పు చెప్పాలి. బాక్సర్‌గా మేరీ కోమ్ గొప్పది. ఆమె పతకాలు ఎక్కువ, ఆమె నిలిచిన కాలం ఎక్కువ, ఆమెకు దొరికిన అండ తక్కువ. ఇది నేను తటపటాయింపు లేకుండా చెబుతున్నాను. తెలుగువాళ్లమైనంత మాత్రాన ఈ మాట చెప్పడానికి మొహమాట పడాల్సిన పని లేదు. నిఖత్ కూడా మేరీని ఆదర్శంగా చూస్తూ పెరిగిన అమ్మాయే. కానీ ఇవాళ గ్లవ్స్ తొడుగుతున్న పిల్లకు ఎవరి పని ఎక్కువ అవసరం అని అడిగితే, నా జవాబు నిఖత్. మేరీ చేయాల్సిన పని పూర్తయింది. ఆడపిల్లలు బాక్సింగ్ చేయగలరా అని ఇప్పుడెవరూ అడగరు. నిఖత్ లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. దేశస్థాయిలోనే తేలనప్పుడు, జిల్లా జట్ల ఎంపికలో, రాష్ట్ర సంఘాల ఎంపికలో, వార్తల్లోకి ఎక్కని పిల్లల విషయంలో అది ఎంత వెనకబడి ఉంటుందో ఆలోచించండి. వాళ్లలో ఎవరికీ మంత్రికి లేఖ రాసే పేరు లేదు, రాసినా వేసే పత్రిక లేదు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా సంఘాలకు, క్రీడా ప్రాధికార సంస్థలకు నా విన్నపం ఇది. ఏ వయసు విభాగానికైనా ఎంపిక నియమాలను పోటీలకు ముందే రాసి ప్రకటించండి. ట్రయల్స్‌ను తల్లిదండ్రులు చూడగలిగేలా బహిరంగంగా పెట్టండి. జడ్జిల మార్కులను అదే రోజు గోడ మీద అంటించండి. మదింపు పద్ధతి అవసరమనుకుంటే, ప్రతి అంశానికీ ఎన్ని మార్కులు వేశారో ఆ బాక్సర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. నిఖత్ పేరు మీద సన్మానాలు, బహుమతులు ఇప్పటికే ఇచ్చాం, ఉద్యోగం ఇచ్చాం. ఆమె 23 ఏళ్ల వయసులో అడిగింది వీటిలో ఏదీ కాదు. అడిగినదాన్ని రేపటి పిల్లలకు ఇవ్వడమే ఆమెకు మనం చేయగల నిజమైన సత్కారం.